గోల్ఫ్ ఐరన్‌ల ధర అడిగే ముందు మీ కొలతలు తెలుసుకోండి

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. మహబూబ్‌నగర్‌లో ఉంటూ పోలేపల్లి సెజ్‌లోని ఒక ఔషధ కంపెనీలో పనిచేస్తున్నాను. ఏడాదిన్నరగా ఒక మిత్రుడి పాత క్లబ్బులతో, అంటే బంతిని కొట్టే కర్రలతో, గోల్ఫ్ ఆడుతున్నాను. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్తాను. ఒక్కో ప్రయాణానికి పెట్రోలు, టోలు, కోర్సు రుసుము, సంచి మోసే కేడీ అన్నీ కలిపి 5,500 రూపాయలు అవుతున్నాయి. నా 7 నంబరు ఐరన్‌తో, అంటే లోహపు తల ఉన్న క్లబ్‌తో, బంతి దాదాపు 125 గజాలు వెళ్తుంది, అది కూడా సరిగ్గా తగిలినప్పుడు. సులభంగా ఆడగలిగే కొత్త ఐరన్‌ల సెట్టు 1,20,000 రూపాయలని, వడ్డీ లేని 12 కిస్తీలలో ఇస్తామని, ఫిట్టింగ్ (ఆటగాడి కొలతలకు క్లబ్బులు కుదర్చడం) ఉచితమని ఒక దుకాణం వారు చెప్పారు. ఒకేసారి చెల్లిస్తే 8 శాతం తగ్గిస్తారట. చేతికొచ్చే జీతం 1,18,000. ఇంటి రుణం 34,000, ఇంటర్ చదివే అమ్మాయి ఫీజు, హాస్టల్ 20,000, ఇంటి ఖర్చు 38,000, అమ్మానాన్నల మందులు 6,000, సిప్ 10,000. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 1,60,000 ఉంది. ఏప్రిల్‌లో 90,000 బోనస్ వస్తుంది. డల్లాస్‌లో ఉండే మా బావమరిది సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడినుంచి ఒక సెట్టు తెస్తానంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: మీరు లెక్కలన్నీ దాచకుండా రాశారు కాబట్టి నేనూ సూటిగానే చెబుతాను. జీతంలోంచి కట్టవలసినవన్నీ కట్టాక, సిప్ కూడా పోగా, మీ చేతిలో నెలకు 10,000 రూపాయలు మిగులుతున్నాయి. రెండు ప్రయాణాలకు 11,000 ఖర్చవుతోంది. అంటే కొత్త సెట్టు మాట ఎత్తక ముందే గోల్ఫ్ మీ మిగులునంతా తినేసి, ప్రతి నెలా మరో వెయ్యి ఎక్కడినుంచో తెప్పిస్తోంది. ఏడాదికి ఈ ఖర్చు 1,32,000; దుకాణంవారు చెప్పిన సెట్టు ధర కంటే ఇదే ఎక్కువ. దీనిపై నెలకు 10,000 కిస్తీ పడితే ఆగిపోయేది మీ సిప్, అంటే అమ్మాయి ఇంజనీరింగో డిగ్రీయో మొదలుపెట్టే నాటికి అక్కరకు రావలసిన సొమ్ము. అందుకే ఈ సెట్టును కిస్తీలపై కొనవద్దు.

వడ్డీ లేని కిస్తీ అన్న మాటను కూడా ఒకసారి విప్పి చూడాలి. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఇలాంటి పథకాల్లో బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది, ఆ మొత్తాన్ని అమ్మేవారు ముందుగా ధరలో తగ్గించి చూపుతారు. మీ విషయంలో ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే 12 కిస్తీలలో దాదాపు 9,800 రూపాయలు వడ్డీ కింద పోతాయి. ఒకేసారి చెల్లించేవారికి ఇస్తామన్న తగ్గింపు 9,600 అని గమనించండి. మీకు రావలసిన తగ్గింపే బ్యాంకుకు వడ్డీగా వెళ్తోంది. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, సుమారు 1,760 రూపాయలు, మీ కార్డు బిల్లులోనే పడుతుంది. ప్రాసెసింగ్ రుసుము ఉంటే అది వేరు. మొత్తం మీద నగదు ధరతో పోలిస్తే 11,000 రూపాయలకు పైగా ఎక్కువ కడతారు. ఒక్క నెల కిస్తీ తప్పి బాకీ కార్డులో ఉండిపోతే నెలకు మూడు, మూడున్నర శాతం చొప్పున వడ్డీ పడుతుంది, అది ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా చేరుతుంది.

ఇక ఐరన్‌ల సంగతి. తప్పును మన్నించే ఐరన్ అంటే ఏమిటో తెలిస్తే దానికి ఎంత పెట్టాలో కూడా తెలుస్తుంది. క్రికెట్ బ్యాట్‌కు బంతి నడిమధ్యన తగిలితే చేతికి భారమే తెలియదు, అంచున తగిలితే బ్యాట్ చేతిలో తిరిగిపోతుంది. గోల్ఫ్ క్లబ్‌లోనూ అంతే. నార్వేలో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో పింగ్ అనే పేరుతో ఒక పటర్, అంటే బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్, తయారుచేశాడు. బరువును తల మధ్యలో కుప్పగా పెట్టకుండా మడమ వైపు (కర్ర కలిసే వైపు), కొన వైపు పంచితే, పక్కకు తగిలినప్పుడు కూడా తల అంతగా తిరగదన్నది అందులోని కిటుకు. అదే సూత్రాన్ని ఆయన ఐరన్‌లకూ తెచ్చాడు. వెనుక గుంట తీసి లోహాన్ని అంచులకు పంచే ఈ పద్ధతిని కావిటీ బ్యాక్ అంటారు. అడుగు కొంచెం వెడల్పుగా ఉండటం, బరువు కిందికి దిగి ఉండటం, బంతిని తాకే ముఖం కర్ర కంటే కాస్త వెనక్కి జరిగి ఉండటం కూడా కొత్తగా ఆడేవారికి సాయపడతాయి. ఇవేవీ నిన్నటి కనిపెట్టుళ్ళు కావు. ఐదారేళ్ళ కిందటి మంచి కావిటీ బ్యాక్ ఐరన్ ఈ ఏటి ఐరన్‌తో దాదాపు సమానంగానే మన్నిస్తుంది. మీ స్థాయి ఆటలో ఆ చిన్న తేడాకు నాలుగింతల ధర పెట్టడం నేను ఒప్పుకోను.

ఒప్పుకునేది ఫిట్టింగ్‌కు పెట్టే ఖర్చును. మన వైపు రైతులు నాగలి మేడిని దున్నే మనిషి ఎత్తుకు సరిచూసి పెట్టించుకునేవారు. మేడి పొట్టిగా ఉంటే నడుము పట్టేది, పొడుగైతే కర్రు నేలలో దిగేది కాదు. పనిముట్టు ఎంత గట్టిదైనా మనిషికి కుదరకపోతే శ్రమే మిగులుతుంది. ఇది నేను నా డబ్బుతో తెలుసుకున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక అమ్మకందారు మాట మీద, ఎవరో మంచి ఆటగాడు వాడిన సెట్టని, బరువైన గట్టి స్టీలు షాఫ్టులు (కర్రలు) ఉన్న, వెనుక గుంట లేని సన్నని బ్లేడ్ ఐరన్‌లు కొన్నాను. ఒక కాలమంతా మోచేయి నొప్పితో ఆడి, కొన్న ధరలో సగానికి అమ్ముకున్నాను. కొలత తీయించుకుని ఉంటే ఆ సగం సొమ్ము నా దగ్గరే ఉండేది.

రెండు పరీక్షలు మీరే చేసుకోవచ్చు, ఖర్చు లేదు. ముఖానికి రాసుకునే పౌడరు 7 నంబరు ఐరన్ ముఖంపై పలచగా చల్లి పది బంతులు కొట్టండి. ప్రతి బంతి తర్వాత తుడిచి మళ్ళీ చల్లండి. బంతి తగిలిన చోట పౌడరు లేచిపోయి గుండ్రటి మచ్చ పడుతుంది. పదిలో ఏడు మచ్చలు ఒకే వైపు, మడమకో కొనకో పడుతుంటే అది మీ ఆట లోపమే కావచ్చు, క్లబ్ పొడవు కుదరకపోవడమూ కావచ్చు. రెండో పరీక్షకు, తుడిస్తే పోయే మార్కర్‌తో బంతిపై లావుగా నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖం వైపు ఉండేలా నిలిపి కొట్టండి. గీత అచ్చు ముఖం మీద పడుతుంది. గాళ్ళకు, అంటే ముఖంపై అడ్డంగా ఉండే సన్నని చాళ్ళకు, నిటారుగా పడితే లై యాంగిల్, అంటే క్లబ్ అడుగు నేలకు ఆనినప్పుడు కర్ర నేలతో చేసే కోణం, మీకు సరిపోయినట్టే. గీత పైభాగం కొన వైపు వాలితే క్లబ్ మీకు మరీ నిటారుగా ఉంది. కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమకు పోతుంది. మడమ వైపు వాలితే దానికి వ్యతిరేకం. మీ బంతి ఎడమకు పోతుంటే ఆ తప్పులో కొంత మీ ఊపుది కాక మీ మిత్రుడి క్లబ్బులదై ఉండవచ్చు, ఎందుకంటే అవి ఆయన ఎత్తుకు కొన్నవి.

దుకాణంలో మిమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకునేది దూరం. మీ పాత 7 నంబరు కంటే కొత్త 7 నంబరు పదిహేను గజాలు ఎక్కువ వెళ్ళిందని తెరపై చూపిస్తారు. అక్కడ ఒక మాట అడగండి: దీని లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, ఎంత? పాత పద్ధతిలో 7 నంబరు ముఖం 34, 35 డిగ్రీలు వెనక్కి వాలి ఉండేది. ఇప్పటి సులభ ఐరన్‌లలో చాలావాటికి అది 28 నుంచి 30 డిగ్రీలే. 28 డిగ్రీలంటే పాత లెక్కలో, ఇంకా దూరం కొట్టే 5 నంబరు. అడుగున రాసిన అంకె మారిందే తప్ప మీ బలం పెరగలేదు. దీనికి ఇంకో ఖర్చు వెనకే వస్తుంది. అలాంటి సెట్టులో పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే, ముఖం బాగా వాలిన క్లబ్) 43 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మీ దగ్గరి సాండ్ వెడ్జ్ (ఇంకా ఎక్కువ వాలిన వెడ్జ్) 56 అయితే మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. దాన్ని పూడ్చడానికి 49, 50 డిగ్రీల మరో వెడ్జ్ కొనాలి. ధర అడిగేటప్పుడు ఆ వెడ్జ్‌తో కలిపి అడగండి. మరోవైపు 4, 5 నంబర్లు మీకు అక్కరలేదు. 7 నంబరు 125 గజాలు వెళ్ళే వ్యక్తికి 5 నంబరు అంతకంటే పెద్దగా ముందుకు పోదు, బంతి లేవదు. నియమాల ప్రకారం సంచిలో 14 క్లబ్బులకు మించకూడదు. 14 ఉండాలని ఎవరూ చెప్పలేదు. 6 నుంచి పిచింగ్ వెడ్జ్ వరకు అయిదు, పైన ఒక వెడ్జ్ చాలు.

ఫిట్టింగ్‌కు వెళ్ళేటప్పుడు ఆడే బూట్లు వేసుకుని, మీ పాత 7 నంబరు పట్టుకుని వెళ్ళండి. ఎత్తు ఒక్కటే చూసి పొడవు చెప్పేవారి దగ్గర ఆగవద్దు. చేతులు వదులుగా వేలాడేసి నిలబడినప్పుడు మణికట్టు ముడత నుంచి నేల దాకా ఎంత ఉందో కొలవాలి, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరికి చేతుల పొడవు వేరుగా ఉంటుంది. మీ దూరానికి రెగ్యులర్ షాఫ్ట్ (మధ్యస్థంగా వంగే కర్ర) సరిపోతుందని నా అంచనా. స్టీలు, గ్రాఫైట్ రెండూ కొట్టి చూడండి. గ్రాఫైట్ తేలిక, అదురు తక్కువ, నలభై దాటిన మోచేతులకు హాయి, కాకపోతే ధర ఎక్కువ. గ్రిప్పు పట్టినప్పుడు ఎడమ చేతి నడిమి వేళ్ళు అరచేతిని ఇంచుక తాకాలి. గుచ్చుకుంటే గ్రిప్పు సన్నం, అందకపోతే లావు. ఉచిత ఫిట్టింగ్‌ను వదిలేసి రుసుము కట్టే ఫిట్టింగ్‌కే వెళ్ళమని నా సలహా. డబ్బు కట్టిన కొలత కాగితం మీది, దాన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళవచ్చు. ఉచిత కొలత ఆ కొట్టు గడప దాటదు.

ఆ కాగితం పట్టుకుని వాడిన సెట్టు వెతకండి. ఇక్కడ లై యాంగిల్ మళ్ళీ ముఖ్యమవుతుంది. సుత్తిపోటుతో చేసిన మెత్తని ఉక్కు ఐరన్‌లను వంచడం తేలిక. అచ్చు పోసిన గట్టి స్టెయిన్‌లెస్ ఐరన్‌లు ఒకటి రెండు డిగ్రీలకు మించి వంగవు, బలవంతపెడితే మెడ (తల, కర్ర కలిసే చోటు) విరిగే ప్రమాదముంది. సులభ ఐరన్‌లలో ఎక్కువ ఈ రెండో రకమే. కాబట్టి మీ కొలతకు మూడు డిగ్రీల దూరంలో ఉన్న సెట్టు ఎంత చౌకైనా వదిలేయండి. పింగ్ ఐరన్‌లకు ఉండే రంగు చుక్క ఇందుకు బాగా పనికొస్తుంది: నలుపు మామూలు కోణం, నీలం కొంచెం నిటారు, ఎరుపు కొంచెం వాలు. మిగతావి చూడటానికి పది నిమిషాలు చాలు. అన్ని షాఫ్టులపై ఒకే పేరున్న పట్టీ ఉందా, తల, షాఫ్ట్ కలిసే చోట తుప్పు గానీ సందు గానీ ఉందా, గాళ్ళు అరిగి నునుపెక్కాయా, మెడ మీద క్రమసంఖ్య ఉందా చూడండి. కొత్త మోడల్ సగం ధరకు, ప్లాస్టిక్ విప్పకుండా ఎవరైనా అమ్ముతుంటే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ.

డబ్బు ఎక్కడినుంచి అంటే, ఆరు నెలల పాటు నెలకు ఒక్కసారే హైదరాబాద్ వెళ్ళండి. మీ మిగులు 10,000లో ఆ ప్రయాణం ఖర్చు పోగా నెలకు 4,500 చొప్పున 27,000 అవుతాయి. బోనస్‌లో 18,000 దానికి చేర్చండి. ఈ 45,000 మీ హద్దు: ఐరన్‌లకు, వెడ్జ్‌కు 34,000, కొలతలకు, వంపులు సరిచేయించడానికి 6,000, కొత్త గ్రిప్పులకు 5,000. బోనస్‌లో మిగిలిన 72,000 డిపాజిట్‌కు పోవాలి. ఇంటి రుణంతో కలిపి మీ ఇల్లు నడవడానికి నెలకు 98,000 కావాలి, ఆరు నెలలకు 5,88,000. మీ దగ్గర అందులో మూడో వంతు కూడా లేదు, 72,000 చేరినా సగానికి రాదు. నాకు గోల్ఫ్ ఖర్చు కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే, దీన్ని ప్రతి బోనస్‌తోనూ నింపుతూ పోండి. సిప్ ముట్టుకోవద్దు. తగ్గిన ప్రయాణం వల్ల ఆట తగ్గనక్కరలేదు. ఇంటి వెనుక ఖాళీ ఉంటే వల కట్టుకుని వారానికి మూడు రోజులు అరగంట కొట్టండి, మీ 7 నంబరుకు అదే ఎక్కువ మేలు చేస్తుంది.

మీ బావమరిది మాట మంచిదే, అమెరికాలో వాడిన క్లబ్బుల అంగడి మనకంటే ఎంతో పెద్దది. అయితే అక్కడ కొన్నది ఇక్కడ కుదరకపోతే తిరిగి ఇవ్వడం కష్టం, సుంకం లేకుండా తెచ్చుకునే సామానుకు కస్టమ్స్ వారి పరిమితి ఉంటుంది, సంచి బరువు విమానంలో ఆయన వాటాలోంచే పోతుంది. పొడవు, లై, షాఫ్ట్, గ్రిప్పు నాలుగూ రాసి ఉన్న కాగితం మీ చేతికి వచ్చాక, దాని ఫొటో ఆయనకు పంపి, ఈ అంకెలకు సరిపోయే 6 నుంచి పిచింగ్ వెడ్జ్ సెట్టు మీ 34,000లో అక్కడ దొరుకుతుందేమో చూడమనండి. అంతవరకు ఆయనను ఏదీ కొనవద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.