ఇళ్లలోకి చవక కంప్యూటర్ తెచ్చింది ఆపిల్ వాళ్లేనా?

ఆపిల్ 2 గొప్ప మెషీనే, అందులో సందేహం లేదు. కానీ 1977లో దాని ధర 1,298 డాలర్లు. మామూలు జీతం మీద బతికే ఇంటికి అది మోయలేని బరువు. చవక అనే మాటకొస్తే నేను మొదట చెప్పే పేరు బ్రిటన్‌కు చెందిన క్లైవ్ సింక్లెయిర్.

1980లో ఆయన తెచ్చిన జెడ్‌ఎక్స్80 ధర 99.95 పౌండ్లు. కిట్ తెచ్చుకుని ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకుంటే 79.95. మరుసటి ఏడాది జెడ్‌ఎక్స్81 వచ్చేసరికి రెడీమేడ్‌దే 69.95కి దిగింది. మానిటర్ బదులు ఇంట్లో టీవీ, డిస్క్ బదులు పాటలు వినే టేప్ రికార్డర్. జెడ్‌ఎక్స్80లో 20కి పైగా ఉన్న చిప్పులు జెడ్‌ఎక్స్81లో నాలుగైదుకి తగ్గాయి. తీసేసినవాటి పనంతా ఫెరాంటీ కంపెనీ చేసిన ఒక్క చిప్పుకి అప్పజెప్పారు.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది మాత్రం మెమరీ వాడిన తీరు. ఉన్నదల్లా 1 కిలోబైట్, అంటే 1,024 బైట్లు. వరసకు 32 అక్షరాలు, అలాంటివి 24 వరసలు, అంటే అక్షరానికో బైట్ చొప్పున తెర నిండితేనే 768 బైట్లు పోతాయి. ఇక ప్రోగ్రామ్‌కు చోటెక్కడిది? అందుకని ఖాళీ వరసకు ఒక్క బైట్‌తో సరిపెట్టారు. ‘ప్రింట్’ అని పూర్తిగా టైప్ చేయక్కర్లేదు, పీ కీ నొక్కితే మాట మొత్తం పడుతుంది, మెమరీలో అదీ ఒక్క బైటే. ఈ మెషీన్లలోని బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను రాసిన జాన్ గ్రాంట్, స్టీవ్ వికర్స్‌లను ఇవాళ తలుచుకునేవాళ్లు తక్కువ. అది నాకు నిజంగా బాధ.

మా ఇంట్లో ఉన్నది సింక్లెయిర్ ఆ తర్వాత తెచ్చిన కంప్యూటర్, స్పెక్ట్రమ్. నాన్న ఇంగ్లండ్‌లో డాక్టరుగా ఉన్న రోజులవి. 1982లో విడుదలైనప్పుడు 48 కిలోబైట్లది 175 పౌండ్లు. జే నొక్కితే తెర మీద ‘లోడ్’ పడేది. టేప్ ఆన్ చేస్తే టీవీ అంచుల్లో ముందు ఎరుపు, లేత నీలం చారలు, ఆ తర్వాత నీలం, పసుపు సన్న గీతలు పరుగెత్తేవి. పెద్ద గేమ్ ఎక్కడానికి ఐదు నిమిషాలు పట్టేది. వాల్యూమ్ కాస్త అటూ ఇటూ అయితే చాలు, ‘టేప్ లోడింగ్ ఎర్రర్’ అని వచ్చి కథ మళ్లీ మొదటికి. చివరి నిమిషంలో అన్నయ్యా నేనూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం, అంత టెన్షన్! 8×8 చుక్కల గడికి రెండే రంగులు, కాబట్టి గేమ్‌లో మనిషి చెట్టు పక్కకి వెళ్తే చెట్టు రంగు అతనికి అంటుకునేది. అదీ మెమరీ పొదుపు కోసమే.

సింక్లెయిర్ దగ్గర పనిచేసి బయటికొచ్చిన క్రిస్ కర్రీ, హెర్మన్ హౌజర్‌తో కలిసి ఏకార్న్ అనే కంపెనీ పెట్టారు. వాళ్ల కంప్యూటర్ బీబీసీ మైక్రో ఖరీదెక్కువ, కానీ గట్టి మెషీన్. 1984లో మన దేశంలో బడుల కోసం మొదలైన ‘క్లాస్’ ప్రాజెక్టులో పిల్లల ముందు పెట్టింది దాన్నే.

చేతులారా చూడాలనుంటే జెడ్‌ఎక్స్81 ఎమ్యులేటర్ (ఇప్పటి కంప్యూటర్‌లో ఆ పాత మెషీన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) ఒకటి దించుకోండి. మెమరీని 16 కిలోబైట్లకి పెంచకుండా 1 కిలోబైట్‌లోనే ఉంచి ఓ చిన్న గేమ్ రాసి చూడండి.