బెండ్ శ్రుతికి చేరాలంటే

తమ్ముడూ, అనంతపురంలో గురువు దొరకక ఒంటరిగా హెవీ మెటల్ గిటార్ సాధన చేస్తున్నానని, బెండ్ (తీగను నెట్టి స్వరాన్ని పెంచడం) శ్రుతి తప్పుతోందని, వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) వణుకులా వినిపిస్తోందని, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర వరుస) తాళాన్ని దాటి పరుగెడుతోందని వ్రాశావు.

ముందు మూడవ తీగపై 9వ ఫ్రెట్ (మెట్టు) స్వరాన్ని మోగించి, అది చెవిలో నిలిచాక, 7వ ఫ్రెట్‌పై ఉంగరపు వేలిని ఉంచి, వెనుక మరో రెండు వేళ్లను ఆనించి, మణికట్టు తిప్పుతూ ఆ స్వరం అందేవరకు తీగను నెట్టాలి; వీణపై తీగను లాగి గమకం పలికించేవారికీ చెవే ప్రమాణం. వైబ్రాటోలో తీగ ప్రతి ఊపుకూ మొదటి స్వరానికి తిరిగి రావాలి. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల వద్ద ఉంచి దెబ్బకు రెండు ఊపులు, కుదిరాక మూడు ఊపులు ఇవ్వు. రిఫ్‌ను కూడా అదే వేగంలో, డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) బాగా తగ్గించి వాయించు, లేకుంటే తడబాటు వినబడదు. కడపలో నేను 10 గేజ్ (మందం) తీగల నుంచి సన్నని 9కి మారాకే నా వేళ్లకు ఊరట కలిగింది.