డాఫొడిల్స్ పక్కన ఏం నాటాలంటే

చిట్టీ,

తులిప్ గడ్డలు, డాఫొడిల్ గడ్డలు తెచ్చాను, చుట్టూ ఏం వేస్తే బాగుంటుంది పెద్దమ్మా అని మొన్న ఫోన్లో అడిగావు కదా. పూల రంగులు చూసి జోడీలు కలపకు. ఏప్రిల్లో పూసినప్పుడు తులిప్‌లూ డాఫొడిల్సూ ఎలాగూ అందంగానే ఉంటాయి. పూలు రాలాక, మే నెలంతా ఆ ఆకులు పండిపోయి నేలమీద వాలిపోతాయి చూడు, అప్పుడు వాటిని కప్పే మొక్క కావాలి నీకు.

న్యూజెర్సీలో ఇల్లు కొన్న కొత్తలో నాకిది తెలియదు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం, నలుగురూ వస్తారు, గుమ్మం ముందు ఆ చెత్తేమిటని కత్తెరతో మొదలంటా కోసేశాను. మరుసటేడు ఆకులొచ్చాయి గానీ ఒక్క పువ్వూ లేదు! పూలయ్యాక ఆరు వారాల దాకా ఆ ఆకులే గడ్డకి తిండి. పూర్తిగా ఎండేదాకా ముట్టుకోకు.

డాఫొడిల్స్‌కి నేను మొదట చెప్పేది వేసవిలో పూసే డేలిల్లీ మొక్క. దాని ఆకూ సన్నగా, పొడుగ్గానే ఉంటుంది. డాఫొడిల్ వాడిపోయే వేళకి డేలిల్లీ లేస్తుంది, ఏది ఎవరి ఆకో చూసేవాళ్లకి తెలియదు. కాకపోతే దాని మొగ్గలంటే జింకలకి ఇష్టం. మీ వీధిలో జింకలు తిరుగుతుంటే ఘాటు వాసనుండే క్యాట్‌మింట్ మొక్క వెయ్యి, ఆ ఘాటుకి దగ్గరికి రావు. నీడపట్టున వెడల్పాటి ఆకుల హోస్టా బాగుంటుంది గానీ అది జింకలకి పెళ్లి భోజనం. తులిప్‌లూ అంతే. డాఫొడిల్‌ని మాత్రం వదిలేస్తాయి, విషం కదా. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఆకుల్ని ఉల్లికాడలనుకుని పెసరట్టులోకి గుప్పెడు కోసుకొచ్చారు. స్టవ్ దగ్గర పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. కూరగాయల మడికి దూరంగానే నాటు.

గోంగూర, బచ్చలి ఈ గడ్డలు నాటిన మడిలో వద్దు. వాటికి వేసవంతా నీళ్లు పెడుతూ ఉండాలి, నిద్రపోయే తులిప్ గడ్డ ఆ తడికి కుళ్లిపోతుంది. పైగా పార వేసినప్పుడల్లా రెండు గడ్డలు తెగుతాయి. నేల మీద అల్లుకుపోయే ఐవీ కూడా వద్దు, ఒకసారి పట్టిందంటే పీకలేక చస్తావు.

తులిప్‌ల మీద ఇప్పుడే, చలికాలం రాకముందే, చలికి ఓర్చుకునే పాన్సీ పూల మొక్కలు పెట్టు. గడ్డ ఆరేడు అంగుళాల లోతున, మొన పైకి ఉండేలా పెట్టి, మట్టి కప్పి, పైన పాన్సీ నాటు. చలి మరీ గట్టిగా పడితే కొన్ని పోతాయి, మిగిలినవి ఏప్రిల్లో తులిప్ కాడల కింద పూస్తాయి.

డేలిల్లీ మాత్రం కొనకు. మా పెరట్లోది గుబురెక్కి పోయింది, ఎలాగూ విడదీయాలి. శనివారం పొద్దున్నే వచ్చెయ్, పాత బకెట్లు రెండు తెచ్చుకో.

పెద్దమ్మ