ఐదు డాలర్ల సంగతి ఎందుకు వదిలేశావ్?

అమ్మాయ్,

అట్లాంటా నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. నూరేళ్ళ పైచిలుకు కిందట జార్జియాలో నల్లజాతి ఆవిడ హేరియట్ పవర్స్ కుట్టిన బొమ్మల బొంతల గురించి తెలుగులో రాయాలనిపించడమే మెచ్చుకోవాల్సిన సంగతి. మెచ్చుకున్నాను. ఇక అసలు విషయానికొస్తాను, ఎందుకంటే మూడో పేజీ దగ్గర నాకు ఒళ్ళు మండింది.

“ప్రతి కుట్టులోనూ ఒక తల్లి ప్రేమే తప్ప మరేమీ లేదు. ఆమె డబ్బు కోసం కుట్టలేదు, పేరు కోసం కుట్టలేదు” అని రాశావు. ఆవిడొచ్చి నీతో చెప్పిందా? పేరు అక్కర్లేని మనిషైతే 1886లో జార్జియాలోని ఏథెన్స్‌లో జరిగిన పత్తి ప్రదర్శనకి బొంత మోసుకెళ్ళి నలుగురి ముందూ ఎందుకు పెడుతుంది? డబ్బు సంగతి చెప్పక్కర్లేదు. ఆ బొంత కథంతా డబ్బు చుట్టూనే తిరుగుతుంది. నువ్వు దాన్ని “కాలక్రమంలో అది మ్యూజియంకి చేరింది” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. బొంతకి కాళ్ళున్నాయా, నడుచుకుంటూ చేరడానికి?

జరిగింది నీకూ తెలుసు, నీ నోట్సులో ఉంది కూడా. ప్రదర్శనలో ఆ బొంత చూసిన జెన్నీ స్మిత్ అనే డ్రాయింగ్ టీచర్ వెతుక్కుంటూ వెళ్ళి కొంటానంది. పవర్స్ ససేమిరా అంది. ఏ ధరకీ అమ్మనంది. బానిసగా పుట్టి, అమెరికా అంతర్యుద్ధం తర్వాత మొగుడితో కలిసి నాలుగెకరాలు సంపాదించుకున్న మనిషి, ఆమాత్రం అనగలదు. కొన్నేళ్ళకి చేతిలో పైసా ఆడని రోజులొచ్చాయి. ఎడ్లబండి మీద టీచరమ్మ ఇంటికొచ్చింది. బొంత ఒళ్ళోనే ఉంది, శుభ్రమైన పిండిసంచిలో పెట్టి, దాని మీద గోనెసంచి తొడిగి. పది డాలర్లు అడిగింది. ఐదే ఉన్నాయంది టీచరమ్మ. పవర్స్ బయటికెళ్ళి మొగుణ్ణి అడిగొచ్చి, రోజులు బాగాలేవు, పుచ్చుకోమంటున్నాడు మా ఆయన, అని ఒప్పుకుంది. ఒక్కో గడిలో ఏముందో విప్పి చెప్పి మరీ ఇచ్చింది. ఆ తర్వాత చాలాసార్లు తన బొంతని చూసుకోడానికి వచ్చిపోయింది. గుడ్డపీలికలన్నీ నీకే దాచి ఇస్తానని టీచరమ్మ మాటిచ్చింది.

పది అడిగితే ఐదొచ్చాయి. ఇంత కథ చేతిలో పెట్టుకుని “తల్లి ప్రేమ” అని రాయడానికి నీకు మనసెలా వచ్చింది?

అదే బొంతలో, క్రీస్తుని ముప్ఫై వెండినాణేలకి పట్టిచ్చిన యూదా గడి ఉంది, చూశావుగా. ఆ నాణేల్ని గుండ్రంగా కత్తిరించి కుట్టింది. వాటికి తోడు అతని కాళ్ళ దగ్గర ఒక పెద్ద బిళ్ళ, అది మూడొందల ఏళ్ళకి మొదటిసారి 1886లో కనిపించిన నక్షత్రం అని చెప్పిందట. లోకంలో డబ్బుకి ఏం అమ్ముడుపోతుందో ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు. నువ్వేమో “అక్షరం ముక్క రాని అమాయకురాలు” అన్నావు. 1896లో ఆవిడ రాసిన ఉత్తరం సంగతి బయటపడి చాలా కాలమైంది. తెల్లపిల్లల సాయంతో చదవడం నేర్చుకున్నానని, మరికొన్ని బొంతలు కూడా కుట్టానని అందులో ఉంది. ఇంకోటి, “కేవలం చేతికుట్టు” అన్నావే, ఆ బొంతలో మిషన్ కుట్టు కూడా ఉంది. మిషన్ కుట్టు అనగానే నీకు ప్రేమ తగ్గినట్టు అనిపిస్తోందా? అనిపిస్తే ఆ సమస్య బొంతది కాదు.

నా పట్టుదల ఒకటే, అది పాతికేళ్ళుగా అందరికీ విసుగు పుట్టేదాకా చెప్తున్నాను. బట్ట గురించి రాసేవాళ్ళు కూలి ఎంతో రాయాలి. ఎవరిచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, ఎవరు బేరమాడారు, అది రాయాలి. ఆడవాళ్ళ పనిని ప్రేమ కింద జమకడితే ఇక దానికి డబ్బివ్వక్కర్లేదు. అందుకే ఆ మాట అందరికీ అంత ఇష్టం.

ఎలిజబెత్ కెక్లీ గురించి కూడా నువ్వు ఒక పేరా రాశావు, లింకన్ భార్యకి దుస్తులు కుట్టిన ఆవిడ. ఆమె బానిసగా సెయింట్ లూయీలో ఉన్నప్పుడు రెండేళ్ళ ఐదు నెలలపాటు తన సూదితో పదిహేడు మందికి తిండి పెట్టానని తనే రాసుకుంది. 1855లో 1,200 డాలర్లు కట్టి తననీ కొడుకునీ విడిపించుకుంది. ఆ అంకెలు వదిలేసి “సూదీదారంతో కలలు అల్లుకుంది” అన్నావు. కొట్టెయ్.

ఈ జబ్బు నీ ఒక్కదానిదే కాదులే. మాది బందరు. పక్కనే పెడన. నేను మొదట్లో రాసిన వ్యాసం అక్కడి కలంకారీ అద్దకం మీద. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన బట్ట పసుపుపచ్చగా తేలడం, నల్లరంగు కోసం ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి పులియబెట్టిన కుండ దగ్గరికి వెళ్తే వచ్చే వాసన, కాలవలో మోకాలి లోతున నిలబడి బట్ట ఉతికేవాళ్ళకి కాళ్ళు ఎలా పాచిపోతాయో, ఇవన్నీ రాసి, అచ్చు వేసేవాళ్ళకి ఎంత, ఉతికేవాళ్ళకి ఎంత, హైదరాబాదు షోరూములో దాని మీద అంటించే చీటీలో ఎంత, అదీ రాశాను. ఆ ఆదివారం అనుబంధం చూసే ఎడిటరుగారు అంకెలన్నీ తీసేశారు. “అమ్మమ్మ చేతి రంగులు” అని పేరు పెట్టారు. మా అమ్మమ్మ జన్మలో అద్దకం ముట్టుకోలేదు. అడిగితే, “లెక్కలు బిజినెస్ పేజీకి ఇద్దాం లెండి, ఇక్కడ చదివేది ఆడవాళ్ళు కదా” అన్నారు. పారితోషికం ఏదండీ అంటే, అచ్చయింది కదమ్మా అన్నట్టు చూశారు. ఆ అనుబంధమే ఆగిపోయింది, నా మనియార్డరు ఇంకా దారిలోనే ఉంది.

బందరు పేరెత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. “అమెరికా బొంతకి తల్లి మన మచిలీపట్నమే” అన్న నీ వాక్యం చదివి మా ఊరివాళ్ళు పొంగిపోతారు. నేను పొంగలేదు. కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన పలంపూర్లు, అంటే పూల అద్దకం దుప్పట్లు, యూరపునీ, దాని ద్వారా అమెరికానీ ఊపేశాయి, నిజం. ఛింట్జ్ అనే ఖరీదైన పూల నూలుబట్టలోంచి పువ్వుల్నీ పిట్టల్నీ కత్తిరించి, ఎక్కువ బట్ట కొనే పని లేకుండా, తెల్లబట్ట మీద కుట్టుకునే పద్ధతి అక్కడ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బాగా నడిచింది. కానీ అప్పటికి వాళ్ళు కత్తిరిస్తున్నవి చాలామటుకు ఇంగ్లండులో అచ్చేసినవి. మన అద్దకాన్ని చూసి నేర్చుకున్న మిల్లులు అవి. ఆ తర్వాత మనవాళ్ళ గతి ఏమైందో నువ్వే రాయి, అది తల్లి కథ కంటే పెద్దది.

కూలి సంగతి పట్టుకుంటే ఏం దొరుకుతుందో చూడు. 1880లలో అమెరికా ఇళ్ళల్లో క్రేజీ క్విల్ట్‌ల పిచ్చి పట్టింది. అడ్డదిడ్డంగా కత్తిరించిన పట్టు, మఖమలు ముక్కలు, వాటి అంచుల్లో రంగురంగుల ఎంబ్రాయిడరీ. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శనలో జపాన్ వస్తువులు చూసి మొదలైందంటారు. ఇవాళ వాటిని పెట్టెలోంచి తీస్తే కొన్ని ముక్కలు ముట్టుకోగానే మడత వెంబడి చీలిపోయి పొడిపొడిగా రాలతాయి. పక్క ముక్క నిక్షేపంగా ఉంటుంది. వయసు వల్ల అయితే రెండూ పోవాలి కదా? కారణం తూకం. పట్టుని ఉడికించి జిగురు తీస్తే బరువు తగ్గుతుంది. వ్యాపారం బరువు లెక్కన. అందుకని రంగు వేసేటప్పుడే తగరం, ఇనుము లవణాలు పట్టించి, పోయిన బరువు రాబట్టుకుని, ఇంకాస్త పైన కూడా కలిపేవాళ్ళు. కొత్తలో ఆ బట్ట ఎంత నిండుగా జారుతుందో! తర్వాత ఆ లవణాలే పట్టుని తినేస్తాయి. నువ్వు దీన్ని “కాలం కొరికిన జ్ఞాపకాలు” అన్నావు. కాలం కాదమ్మా, తూకంలో మోసం. నూలు బొంతల్లో కూడా ముదురు గోధుమరంగు పువ్వులు మాత్రమే చిల్లులు పడి, చుట్టూ బట్ట నిలిచి ఉండడం ఫోటోల్లో కనిపిస్తుంది. ఆ రంగుకి వాడిన ఇనుము చేసే పనే. పెడన కుండ దగ్గర ఎవరినడిగినా చెప్తారు, నలుపు ఎక్కువైతే బట్ట ఆగదని.

ఇక పేర్ల విషయం. పందొమ్మిదో శతాబ్దంలో న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఒహాయోల్లో జకార్డ్ అట్టలు, అంటే డిజైను ప్రకారం చిల్లులు కొట్టిన అట్టలు పెట్టి మగ్గం మీద నేసిన దుప్పట్లున్నాయి, నీలిమందు వేసిన ఉన్నీ, తెల్లనూలు. మూలన చూడు: నేతగాడి పేరు, ఊరు, సంవత్సరం, చాలాసార్లు చేయించుకున్నవాళ్ళ పేరు కూడా. వ్యవసాయమూ పరిశ్రమలూ మన స్వాతంత్ర్యానికి పునాదులని నినాదం నేసినవీ ఉన్నాయి. నేసింది చాలావరకు మగవాళ్ళు, డబ్బు తీసుకుని నేశారు, అందుకే పేరు వేసుకున్నారు. ఇంట్లో ఆడవాళ్ళు కుట్టిన బొంతల్లో చాలావాటికి పేరే లేదు. గడికొక బొమ్మతో కుట్టిన బాల్టిమోర్ ఆల్బమ్ బొంతల మీద సిరాతో సంతకాలుంటాయి కానీ, సంతకం పెట్టిన ఆవిడే ఆ గడి కుట్టిందన్న నమ్మకం లేదు. పవర్స్ పేరు మనకి దక్కిందంటే అమ్మకం జరగబట్టే. కొన్న మనిషి కూర్చుని రాసుకోబట్టే. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే అవ్వాలి.

స్మారక రుమాళ్ళ మీద నువ్వు రాసిన భాగం కాస్త నయం. అయితే 1876 రుమాళ్ళ దగ్గరే ఆగిపోయావు. 1888 అమెరికా అధ్యక్ష ఎన్నికలు చూడు. క్లీవ్‌లాండ్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ అలెన్ థర్మన్ నశ్యం పీల్చే ముసలాయన, చేతిలో ఎప్పుడూ ఎర్ర రుమాలు. పార్టీవాళ్ళు ఆ రుమాలునే జెండా చేసేశారు. మనకి కండువాలు కొత్తా? జనం ఓట్లు క్లీవ్‌లాండ్‌కే ఎక్కువొచ్చాయి, రాష్ట్రాల లెక్కన పడే ఎలక్టోరల్ ఓట్లతో గెలిచింది మాత్రం ఎదుటి పార్టీ హారిసన్. ఓడిపోయినవాళ్ళ రుమాళ్ళు ఇంటికొచ్చి ఏమయ్యాయో రాస్తే ఎవరైనా చదువుతారు.

రెండో పేజీలో బొంతల రహస్య సంకేతాల గురించి రాసిందంతా తీసెయ్. పారిపోయే బానిసలకి దారి చూపడానికి వాకిట్లో బొంతలు ఆరేసేవాళ్ళన్న కథ 1990ల చివర్లో బాగా ప్రచారమైంది. చరిత్రకారులు వెతికారు, ఆధారం దొరకలేదు. అందులో చెప్పే డిజైన్లలో కొన్ని ఇరవయ్యో శతాబ్దానికి ముందు కనబడనే కనబడవు. పిల్లల పుస్తకాల్లో బాగుంటుంది.

నువ్వు రాసిన పంది దగ్గరికొద్దాం. అది ఉన్నది 1895 తర్వాత పవర్స్ కుట్టిన బొంతలో, మనకి మిగిలిన రెండోది, ఇప్పుడు బోస్టన్‌లో ఉన్నది. పదిహేను గడులు. అందులో మూడు గడులు బైబిల్‌లోవి కావని, ఆవిడ విన్నవీ చూసినవీ అని గుర్తుపట్టావు, సరే. గుర్తుపట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. 1780 మే 19న పట్టపగలు చీకటి కమ్మింది. 1833 నవంబరు 13న ఉల్కలు రాలాయి. ఆవిడ పుట్టింది 1837లో, అంటే ఆ రెండూ పెద్దవాళ్ళ నోట విన్నవే. 1895 ఫిబ్రవరి 10 చలి మాత్రం ఆవిడ కాలంలోది: కంచరగాడిద ఊపిరి మంచు కడ్డీలైంది, ప్రార్థన చేస్తూ ఒకావిడ, సారా కూజా పట్టుకుని ఒకాయన బిగుసుకుపోయారు. ఇంకో గడిలో దేవుడి మాట ఎరగని డబ్బున్నవాళ్ళు, వాళ్ళ గడియారం, అదే గడిలో జార్జియా నుంచి వర్జీనియాకి ఐదొందల మైళ్ళు పరిగెత్తిన పంది, పేరు బెట్స్. “ఆ పందికి పేరుంది. బొంతలో ఇంకెంతమందికి ఉంది?” అని రాశావు చూడు, అక్కడ నేను ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాను. వ్యాసం అక్కణ్ణించి మొదలుపెట్టు. ముందున్న ఉపోద్ఘాతం, “అనాదిగా మానవుడు వస్త్రం” వగైరా, ఎవరికీ వద్దు.

ఏథెన్స్ మీకు గంటన్నర దారి. అక్కడ గాస్పెల్ పిల్‌గ్రిమ్ శ్మశానంలో ఆవిడ సమాధి రాయి 2005లో దొరికింది. ఒక శనివారం వెళ్ళిరా. వెళ్ళొచ్చి “గాలి నాతో మాట్లాడింది” అని మాత్రం రాయకు. కౌంటీ ఆఫీసులో పాత భూమి కాగితాలు చూపిస్తారేమో అడుగు. ఆ నాలుగెకరాల్లో ఎప్పుడు ఎంత అమ్మారో తెలిస్తే, ఐదు డాలర్లకి ఎందుకు ఒప్పుకుందో నువ్వు వివరించే పని ఉండదు.

వర్తమానకాలంలో రాయాలా, భూతకాలంలోనా అని అడిగావు. నీ ఇష్టం. పుస్తకం వేసే పబ్లిషర్ల పేర్లు అడిగావు, దాని గురించి ఇప్పుడు వద్దు. మిగతా ప్రశ్నలున్న కాగితం ఎక్కడో పెట్టాను, దొరకలేదు.

తిరగరాసి పంపు. ఫోటోలు వాట్సాప్‌లో వద్దు, అరిగిపోయి వస్తున్నాయి, మెయిల్ చెయ్. పత్రికకి ఇచ్చేముందు పారితోషికం ఎంతో అడుగు. ఏమనుకుంటారో అని నసగకు. ఇవ్వలేమంటే ఇవ్వలేమని వాళ్ళే చెప్తారు, అప్పుడు ఇవ్వాలో మానాలో నువ్వు చూసుకో.

ఉంటాను.