కోచ్‌కు నువ్వు రాసిన ఉత్తరం చదివాను

వెంట్‌వర్త్‌విల్, సిడ్నీ
2024 జూన్

చి॥ మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. శనివారం రాత్రి ఆట ముగిశాక రైల్లో నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. అలిసిపోయావేమో అనుకున్నాను. ఇంటికి వెళ్ళి నిద్ర మానేసి కోచ్‌కు మూడు పేజీల ఉత్తరం రాస్తావని అనుకోలేదు. పంపే ముందు ఒకసారి చూడమన్నావు కాబట్టి రెండుసార్లు చదివాను. అందులో ‘మూర్ఖుడు’ అన్న మాట ఆరుసార్లు ఉంది. మన రగ్బీ లీగ్ లెక్కలో ఆరు టాకిల్స్ (బంతి పట్టినవాణ్ని పడగొట్టడం) అయిపోయాయి నాయనా, ఇక బంతి అవతలి వాళ్ళకు ఇచ్చేయాలి.

నీ కోపం తప్పని అనను. ముప్పై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో రగ్బీ లీగ్ చూస్తున్నాను. బస్సు డ్రైవరుగా ఆట ఉన్న రోజుల్లో జనాన్ని మైదానానికి చేరవేశాను, ఓడిన రాత్రుల్లో తిరిగి తీసుకొచ్చాను. గెలిచినప్పుడు బస్సంతా పాటలు. ఓడినప్పుడు వెనక సీటు నుంచి డ్రైవరు సీటు దాకా ప్రతి మనిషీ కోచే. కాబట్టి నీ జబ్బు నాకు కొత్త కాదు, దానికి వైద్యం చేయబోవడం లేదు. బాగా కోప్పడటం ఎలాగో చెబుతాను, అంతే. (మన జట్టు పేరు ఇందులో రాయను. రాస్తే నాకు రక్తపోటు.)

ముందు ఆ 71వ నిమిషం సంగతి. మనం 16, వాళ్ళు 18. వాళ్ళ గోల్ లైనుకు ఇరవై మీటర్ల దూరంలో, దాదాపు గోల్ కంబాలకు ఎదురుగా మనకు పెనాల్టీ దొరికింది. గోల్ తన్నితే రెండు పాయింట్లు, స్కోరు సమం. మన కెప్టెన్ తన్నించలేదు, బంతి తీసుకుని పరుగెత్తమన్నాడు. మూడో టాకిల్‌లో మన ప్రాప్ (మధ్యలో బరువు మోసే ఆటగాడు) చేతిలోంచి బంతి జారింది. ఆట 18-16తోనే ముగిసింది. నువ్వు కండువా విసిరేశావు.

నేనైతే రెండు పాయింట్లూ తీసుకునేవాణ్ని. దానికి నీ ఉత్తరంలో లేని కారణం ఒకటి ఉంది. ఈ ఆటలో పాయింట్లు సమర్పించుకున్న జట్టే బంతిని అవతలి వైపు తన్ని మళ్ళీ కిక్ ఆఫ్ చేయాలి. అంటే ఆ రెండు పాయింట్లతో పాటు బంతి కూడా మన దగ్గరికే వస్తుంది. ఇంత బలమైన మాట వదిలేసి నువ్వు కోచ్ తెలివితేటల మీద, అతని జుట్టు మీద ఒకటిన్నర పేజీ ఖర్చు పెట్టావు. బస్సు డిపోలో నాతో పనిచేసిన ఒక పెద్దాయన ఎవరైనా ‘రెండు పాయింట్లు ఏం మూల’ అంటే చాలు, 1986 ఫైనల్ ఎత్తేవాడు. పారమట్టా 4, కాంటర్‌బరీ 2. ఎనభై నిమిషాల్లో ఇరువైపులా ఒక్క ట్రై (గోల్ లైను దాటి బంతిని నేలకు ఆనించడం) లేదు, అన్నీ పెనాల్టీ గోల్సే. పారమట్టాకు ఆ నాలుగు పాయింట్లూ తెచ్చినవాడు మైకేల్ క్రోనిన్. నేను ఇక్కడ దిగే నాటికి ఆ ఆట ముగిసి ఏడాది కావస్తోంది, అయినా దాన్ని కళ్ళారా చూసినట్టే ఉంటుంది నాకు, ఆయన అన్నిసార్లు చెప్పాడు.

ఇప్పుడు కెప్టెన్ వైపు నిలబడి చూడు. అవతలి జట్టులో ఒకడు తప్పు చేసి పది నిమిషాలు సిన్ బిన్‌లో, అంటే మైదానం బయట ఉన్నాడు, తిరిగి రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. పదమూడుకు పన్నెండు మందే ఉన్నారు, వరుసగా రెండు సెట్లు (సెట్ అంటే ఒక జట్టుకు దొరికే ఆరు టాకిల్స్) తమ గడప దగ్గరే కాచుకుని నోళ్ళు తెరుచుకుని ఊపిరి పీలుస్తున్నారు. గోల్ తన్నడానికి సిద్ధమయ్యేసరికే కొంత సమయం పోతుంది, వాళ్ళకు ఆ కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఇవన్నీ చూసి అతను పరుగే మేలనుకున్నాడు. నాకు నచ్చకపోవచ్చు. కానీ అది మూర్ఖత్వం కాదు, లెక్క. ఆ ప్రాప్ బంతి పట్టుకుని లైను దాటి పడి ఉంటే, నువ్వు అదే కండువా తల మీద తిప్పుతూ కెప్టెన్‌ను ‘మొనగాడు’ అనేవాడివి. నిర్ణయం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. మారింది బంతి జారడం ఒక్కటే.

ఈ పొరపాటు అందరం చేస్తాం. పోయిన ఏడాది ఫైనల్లో బ్రిస్బేన్ ఒక దశలో 24-8తో ముందుంది. తర్వాత పెన్రిత్ హాఫ్‌బ్యాక్ (ఆట నడిపించి, ఎక్కువగా బంతి తన్నేవాడు) నేథన్ క్లియరీ తన సొంత నలభై మీటర్ల లోపలి నుంచి తన్నిన బంతి అవతలి ఇరవై మీటర్ల లోపల నేలను తాకి పక్కకు పోయింది. నలభై-ఇరవై అనే కిక్ అదే, తన్నిన జట్టుకే బంతి తిరిగొస్తుంది. చివరికి పెన్రిత్ 26-24తో గెలిచింది, అతన్ని దేవుణ్ని చేశారు. ఆ బంతి నాలుగడుగులు ఇవతల పక్కకు పోయి ఉంటే? వెనకబడిన జట్టు చేతిలో బంతి చేజేతులా పారేసిన వాడని తిట్టి ఉండేవారు. కాలు అదే, కన్ను అదే.

మరి శనివారం అసలు తప్పు ఎక్కడ? నీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నా పుస్తకంలో ఉంది.

నా పక్కన కూర్చున్నప్పుడు చూసే ఉంటావు, ఒళ్ళో చిన్న నోటు పుస్తకం, చెవి మీద పెన్సిలు. మీ బావ పిల్లల జట్టులో ఆడే రోజుల్లో నీళ్ళ సీసాలు మోసే పని నాది. అప్పటి అలవాటు అది. ఒక్కో సెట్‌కు ఒక్కో గీత. బంతి ఎక్కడ మొదలైంది, ఐదో టాకిల్ (ఆరోదైతే బంతి పోతుంది కాబట్టి మామూలుగా ఆ తర్వాతే తన్నేస్తారు) ఎక్కడ జరిగింది, చివర ఏం చేశారు: తన్నారా, పరుగెత్తారా, జారవిడిచారా. ఒక ఆటలో ఒక్కో జట్టుకు సుమారు 35 నుంచి 40 సెట్లు వస్తాయి, పేజీన్నరలో పడతాయి. అంచున ఆటగాళ్ళ మార్పిడి లెక్క. శనివారం పేజీలో అంచున ఇలా ఉంది: ‘55 – 7’. అంటే 55వ నిమిషానికే ఆటకు దొరికే ఎనిమిది మార్పిడుల్లో ఏడు వాడేశారు. మిగిలిన ఒక్కటి ఎవరికైనా దెబ్బ తగిలితే పనికొస్తుందని దాచుకున్నారు. అంటే మధ్యలో బరువులు మోసే ప్రాపులు ఆఖరి ఇరవై ఐదు నిమిషాలు బయటికి వచ్చే దారి లేక లోపలే ఉండిపోయారు. బంతి జారవిడిచిన కుర్రవాడు అంతకు ముందు రెండు నిమిషాలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాడు. నువ్వు స్కోరు బోర్డు చూస్తున్నావు. నేను అతని మోకాళ్ళు చూస్తున్నాను. బంతి జారింది 71లో, తప్పు జరిగింది 55లో.

ఇంకొకటి. రెండో సగంలో ఐదో టాకిల్ మీద మనవాళ్ళు తొమ్మిదిసార్లు తన్నారు. అందులో ఆరు ఎత్తు బంతులు, ఆరూ ఎడమ మూలకే. అక్కడ పక్క గీత దగ్గర నిలబడ్డ వాళ్ళ వింగర్ తాటిచెట్టంత మనిషి, ఐదు పట్టేశాడు. మొదటి రెండు పట్టినప్పుడే మార్చాలి. ఇదీ కోచ్‌ను అడగదగ్గ ప్రశ్న. దీనికి తిట్టు అక్కర్లేదు, అంకె చాలు.

ఐదో టాకిల్ నీకు కొత్తగా అనిపిస్తుంది కానీ మన కబడ్డీ చూసేవాడికి కొత్తేమీ కాదు. ప్రో కబడ్డీలో రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై. దానికి ఎవరిని పంపాలో మొదటి కూతప్పుడే ఆలోచించుకోవాలి. ఇక్కడా అంతే. ఐదో టాకిల్‌లో కిక్ చెడిందని అందరూ హాఫ్‌బ్యాక్ మీద పడతారు. నువ్వు మూడు, నాలుగు చూడు. నాలుగో టాకిల్‌లో పడిన మనిషి నెమ్మదిగా లేచాడా, పక్క గీత దగ్గర ఇరుక్కున్నాడా, హాఫ్‌బ్యాక్ నిలబడటానికి చోటు దొరికిందా. చోటు లేకుండా చేసి, సరిగా తన్నలేదని తిట్టడం అన్యాయం. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే ఆట చూడటమే మారిపోతుంది. క్రికెట్‌లో ఓవరుకూ ఓవరుకూ మధ్య తీరిగ్గా తిట్టుకోవచ్చు. ఇందులో తిట్టే లోపు రెండు టాకిల్స్ దాటిపోతాయి.

నేనేదో పుట్టుకతో శాంతమూర్తినని అనుకోకు. మీ బావకు పదకొండేళ్ళప్పుడు, ఒక ఆదివారం ఉదయం, వాళ్ళ హాఫ్‌బ్యాక్ కుర్రవాడు నాలుగో టాకిల్‌లోనే బంతి తన్నేశాడు. ఇంకో టాకిల్ ఉంది కదా, ఎందుకురా తన్నావు అని నేను తెలుగులో, ఆ వెంటనే ఇంగ్లీషులో, గొంతు చించుకుని అరిచాను. నా ముందు మడత కుర్చీలో కూర్చున్నావిడ వెనక్కి తిరిగింది. ఆ పిల్లవాడి తల్లి. ఏమీ అనలేదు. విరామంలో పిల్లలకు పంచడానికి కోసి పెట్టిన నారింజ ముక్కల డబ్బా నా ముందుకు చాపింది. తీసుకున్నాను. తినలేకపోయాను, ఆ రసం మోచేతి దాకా కారింది. ఆట అయ్యాక తెలిసింది, అందరికంటే వెనక కాపు కాయాల్సిన అవతలి ఫుల్‌బ్యాక్ ముందుకొచ్చి నిలబడుతున్నాడు, వెనకంతా ఖాళీగా ఉంది, నాలుగులోనే తన్నమని కోచే చెప్పాడట. నాకు కనపడని ఖాళీ ఆ పిల్లవాడికి కనపడింది. పుస్తకం, పెన్సిలు ఆ తర్వాతి వారమే మొదలయ్యాయి.

నీ ఉత్తరంలో ఒక వాక్యం మాత్రం నాకు నచ్చింది: ‘ఈ జట్టు మాది కూడా.’ నిజమే. ఈ ఆట పుట్టుకే కూలి డబ్బుల తగాదా. 1895లో ఇంగ్లండు ఉత్తరాన హడర్స్‌ఫీల్డ్‌లో క్లబ్బులు కూర్చుని, ఆట కోసం పని మానుకున్న గని కూలీకి, మిల్లు కూలీకి పోయిన కూలి ఇవ్వనంటే ఎలా అని పాత సంఘం నుంచి విడిపోయాయి. వారం జీతంలోంచి టికెట్టు కొన్నవాడికి అడిగే హక్కు ఉంది. ఆ హక్కును కోచ్ జుట్టు మీద వృథా చేయకు.

పేర్లు పెట్టి ఆటగాళ్ళను అనవద్దు. ఆ ప్రాప్‌కు ఇరవై ఒకటో ఇరవై రెండో, నీకంటే చిన్నవాడు. బంతి జారిందని అతనికి ఒకరు చెప్పాలా? అడిగేది ప్రణాళిక గురించి అడుగు. రాత్రికి రాత్రి పంపకు, ఆటను ఇంకోసారి చూశాక పంపు. రెండోసారి చూస్తే నీ అభియోగాల్లో సగం రాలిపోతాయి, మిగిలినవి గట్టిపడతాయి. నాకు కెప్టెన్ నిర్ణయం అంత చెడ్డది కాదనిపించింది రెండోసారి చూసినప్పుడే. కోచ్ స్వయంగా చదువుతాడని ఆశ పెట్టుకోకు. క్లబ్బులో సభ్యుల ఉత్తరాలు చూసే మనిషి ఎవరో చదువుతారు. వాళ్ళు రోజుకు ఎన్ని ‘మూర్ఖుడు’లు చదువుతారో పాపం.

నీ మూడు పేజీల్లోంచి, నా పుస్తకంలోంచి కలిపి ఇంత మిగిల్చాను: ‘55వ నిమిషానికే ఏడు మార్పిడులు ఎందుకు వాడారు? రెండో సగంలో ఆరు ఎత్తు బంతులు ఒకే వింగర్ మీదికి ఎందుకు తన్నారు? 71వ నిమిషంలో గోల్ తన్ని ఉంటే కిక్ ఆఫ్ బంతి మన చేతికే వచ్చేది, ఆ లెక్క వేశారా?’ కింద నీ పేరు, సభ్యత్వం నంబరు. నచ్చితే పంపు, లేదంటే నీ మూడు పేజీలే పంపుకో, నేనేమీ అనను.

శుక్రవారం మళ్ళీ మనూళ్ళోనే ఆట. అత్తయ్య పులిహోర కడతానంది. చలి ముదిరింది, స్వెట్టర్ వేసుకుని రా. కండువా గురించి వెతుక్కోకు, ముందు వరుస సీటు కింద దొరికింది, ఎవరో టమాటా సాసు తొక్కిన కాలితో తొక్కారు. రెండుసార్లు ఉతికినా మరక పూర్తిగా పోలేదు. పెన్సిళ్ళు రెండు తెస్తున్నాను.

ఇట్లు,
మామయ్య