ఫ్రాంచైజీయా, సొంత వ్యాపారమా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం మానాలా వద్దా అని నువ్వు అడగలేదు కనుక దాని జోలికి వెళ్లను. పేరున్న సంస్థ ఫ్రాంచైజీ తీసుకోవడమా, సొంత పేరుతో మొదలుపెట్టడమా అన్నదే నీ ప్రశ్న. పదేళ్లు మొదటిదీ, ఆ తరువాత పన్నెండేళ్లు రెండోదీ చేసినవాడిని కాబట్టి నాకు అనుభవంలోకి వచ్చిన సంగతులే రాస్తున్నాను.

ఫ్రాంచైజీ కొంటున్నామని అందరమూ అలవాటుగా అంటాము గానీ, ఒక పేరును, దాని వెనుక ఉన్న పనితీరును ఇన్నేళ్లపాటు ఈ షరతులకు లోబడి వాడుకోవచ్చన్న అనుమతి తప్ప అందులో మనకు దక్కేది వేరే ఏమీ లేదు. అద్దె ఇంటికి సొంత ఖర్చుతో గదులు వేయించడం వంటిది అది. అద్దెకు ఉండటం తప్పు కాదు; అద్దెకు ఉన్నామన్న సంగతి మరచిపోవడమే తప్పు.

నేను మరచిపోయాను. పదో ఏట గడువు ముగియబోతుండగా, ఒప్పందాన్ని పునరుద్ధరించాలంటే దుకాణమంతా నా ఖర్చుతో కొత్త నమూనాలోకి మార్చాలని, రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు సంస్థకు కట్టే వాటా, కూడా అప్పటి కొత్త రేటు ప్రకారమే కట్టాలని ఉత్తరం వచ్చింది. అన్యాయమని మండిపడుతూ పాత ఒప్పందం తీసి చూస్తే, ఆ రెండు షరతులూ నా సంతకం ఉన్న పేజీకి ముందు పేజీలోనే ఉన్నాయి. బోర్డు దింపించిన రోజున, అది ఉన్నంత మేర గోడ రంగు వెలవకుండా నలుచదరంగా మిగిలింది. అదే రకం వ్యాపారం కొంతకాలం చేయకూడదన్న నిషేధం ఉండటంతో వేరే సరుకుతో తలుపులు తెరిచాను. నెలల తరబడి వచ్చినవాళ్లందరూ పాత పేరే చెప్పి అడిగేవారు. పదేళ్లు ఆ గల్లాపెట్టె వెనుక కూర్చున్న మనిషి పేరు వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఇక లెక్క సంగతి. రాయల్టీని సాధారణంగా అమ్మకాల మీద వసూలు చేస్తారు, లాభం మీద కాదు. ఉదాహరణకు రాయల్టీ ఆరు శాతం, ప్రకటనల నిధికి రెండు శాతం అనుకో. నూరు రూపాయల అమ్మకంలో సరుకు, జీతాలు, అద్దె పోగా పదిహేను మిగిలితే వాళ్లకు ఎనిమిది, నీకు ఏడు. ఖర్చులు పెరిగి ఆ పదిహేను తొమ్మిదికి దిగితే వాళ్ల ఎనిమిది తగ్గదు, నీకు మిగిలేది ఒక్క రూపాయి. ఇంకా దిగితే చేతి నుంచి కట్టాలి. సరుకు వాళ్లు చెప్పిన చోటే కొనాలన్న షరతు కూడా ఉంటే, ఆ ధరలో ఎవరి వాటా ఎంతో విచారించు.

ఇంత చెప్పినా ఫ్రాంచైజీ వద్దని నేను అనడం లేదు. వ్యాపారం మెళకువలు తెలియనివాడికి అది పని చేస్తూ నేర్చుకునే చదువు. సరుకు నిల్వ, సిబ్బంది శిక్షణ, రోజువారీ లెక్కలు నేను నేర్చుకున్నది అక్కడే. సొంత దుకాణంలో అవే తప్పులు చేసి నేర్చుకోవాలంటే మొదటి రెండేళ్లు నష్టానికి సిద్ధపడాలి. నా సొంత దుకాణం కూడా రెండేళ్ల వరకు ఇంటి ఖర్చుకు ఏమీ ఇవ్వలేదు.

నీ స్వభావాన్ని కూడా ఆలోచించుకో. ఉన్నదాన్ని మార్చి చూడాలని చేతులు దురదపెట్టే మనిషివి నువ్వు. మెక్‌డొనాల్డ్స్ బిగ్ మ్యాక్ బర్గర్‌ను 1967లో తయారుచేసింది పెన్సిల్వేనియాలోని ఫ్రాంచైజీదారు జిమ్ డెలిగాటి. మరుసటి ఏడాదికి అది అమెరికా అంతటా ఆ సంస్థ వంటకంగా అమ్ముడైంది. నీ ఆలోచన ఒప్పందం ప్రకారం ఎవరి సొత్తు అవుతుందో ముందే చూసుకో.

ఫ్రాంచైజీ ఇచ్చే సంస్థ తన వివరాలను ముందే వెల్లడించాలన్న నిబంధన అమెరికాలో 1979 నుంచి ఉంది. ఇప్పుడు అక్కడ సంతకానికి గానీ, డబ్బు కట్టడానికి గానీ కనీసం 14 రోజుల ముందు 23 అంశాల వెల్లడి పత్రం చేతికివ్వాలి. అందులో కోర్టు వివాదాలు, మూతపడిన శాఖల సంఖ్య, విడిచి వెళ్లినవాళ్ల వివరాలు ఉంటాయి. అలాంటి చట్టం లేని చోట కూడా ఇవే వివరాలను రాతపూర్వకంగా అడగవచ్చు; ఇవ్వడానికి జంకే సంస్థతో మాటలు అక్కడితో ఆపెయ్యి. బాగా నడుస్తున్న శాఖలకు వాళ్లే తీసుకువెళ్తారు. విడిచిపెట్టినవాళ్లను నువ్వే వెతుక్కోవాలి. కనీసం ముగ్గురిని కలిసి, మొదటి ఏడాది చివర చేతిలో ఎంత మిగిలిందో, పక్క వీధిలోనే మరో శాఖకు అనుమతి ఇచ్చారా అన్నదీ అడుగు. వీలైతే ఆ సంస్థ శాఖ ఒకదానిలో మూడు నెలలు జీతానికి పనిచెయ్యి. నామోషీ పడకు.

అడ్వాన్సు కట్టక ముందే ఒప్పందం నకలు తెప్పించి ఒక న్యాయవాదికి చూపించు, మరొకటి నాకు పంపు. గడువు, పునరుద్ధరణ, రద్దు, పోటీ నిషేధం, సొంత ఆస్తి హామీ ఉన్న పేజీలను మాత్రం నువ్వే ముందు చదివి, అర్థం కాని చోటల్లా పెన్సిలుతో గీత పెట్టి పంపు.

ఇట్లు,
మీ బాబాయి