రాష్ట్రపతి ప్రమాణ స్వీకారాన్ని టీవీలో మొత్తం చూడాలా, రాత్రి వార్తల్లో చూస్తే చాలదా?

చాలదు. కానీ ఏ ఛానల్‌లో చూస్తున్నామన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

2022 జులై 25న ద్రౌపదీ ముర్ము ప్రమాణం చేసిన రోజు నాకు సెలవు. అలవాటు కొద్దీ ఒక వార్తా ఛానల్ పెట్టాను. తెరను ఆరు గళ్లు చేశారు. అయిదింటిలో చర్చకు వచ్చిన పెద్దలు, మూలనున్న ఆరో గడిలో పార్లమెంటు సెంట్రల్ హాలు. ఆమె చీర గురించి ఒకరు, ఈ ఎంపికతో ఏ రాష్ట్రంలో ఏ పార్టీకి ఓట్లు కలిసివస్తాయని ఇంకొకరు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ లేచి నిలబడడం కనిపించింది. "పెళ్లికి వెళ్లి, తాళి కట్టే వేళకు పందిరి బయట కబుర్లు చెప్పుకున్నట్టుంది. దూరదర్శన్ పెట్టు" అన్నారు మా నాన్నగారు.

పెట్టాను. ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దం. రాజ్యాంగం 60వ అధికరణంలోని ఆ ప్రమాణం నిమిషం కూడా పట్టదు. మంత్రులైతే రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత చూపుతామని ప్రమాణం చేస్తారు. రాష్ట్రపతి అంతకంటే పెద్ద బరువే ఎత్తుకుంటారు: రాజ్యాంగాన్నీ చట్టాన్నీ పరిరక్షిస్తానని, ప్రజల సేవకూ శ్రేయస్సుకూ అంకితమవుతానని. గవర్నర్ల ప్రమాణం కూడా దాదాపు ఇదే. అయిదుగురు పెద్దల్లో ఒక్కరైనా ఈ తేడా చెప్పి ఉంటే వాళ్ల మాటలు విన్నందుకు ఫలితం దక్కేది.

తరువాత నాకు బాగా నచ్చిన ఘట్టం. రామ్‌నాథ్ కోవింద్ తన కుర్చీలోంచి లేచారు, అందులో ఆమె కూర్చున్నారు. దేశాధినేత మారడం అంటే కంటికి కనిపించేది అంతే. బయట 21 తుపాకుల గౌరవ వందనం. ఆమె ప్రసంగం "జోహార్" అంటూ మొదలైంది. జోహార్లు అనగానే నివాళి గుర్తొచ్చే మన చెవికి ఒక్క క్షణం వింతగా తోస్తుంది గానీ, ఆమె పుట్టిన సంతాలీ గిరిజన తెగవారికి అది నమస్కారం. తమ ఊరి నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను తానేనని కూడా ఆ ప్రసంగంలోనే చెప్పారు.

మధ్యలో ఉండబట్టలేక ఒకసారి పాత ఛానల్‌కు వెళ్లాను. జులై 25 శుభ ముహూర్తమని, అందుకే రాష్ట్రపతులందరూ ఆ రోజునే ఎంచుకుంటారని ఒకాయన వివరిస్తున్నారు. నాన్నగారు పకపకా నవ్వారు. అసలు కథ ఏమిటంటే, 1977 ఫిబ్రవరిలో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ ఖాళీలో పోటీ లేకుండా ఎన్నికైన మన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది జులై 25న ప్రమాణం చేశారు. ఆ తరువాత వచ్చిన వాళ్లందరూ అయిదేళ్లు పూర్తి చేశారు కాబట్టి తేదీ అక్కడే నిలిచిపోయింది. ఇందులో పంచాంగం పనేమీ లేదు, అయిదుతో కూడుకుంటూ పోవడమే.

వ్యాఖ్యానమే వద్దని అనను. ఒక తంతు ఎందుకలా జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పి తప్పుకునేవాళ్లు ఉంటే హాయిగా వింటాను. ఇక రాత్రి వార్తల సంగతి అంటారా, ఆ రోజు అవీ చూశాను. ప్రమాణానికి పది సెకన్లు ఇచ్చారు, దాని మీద ఉత్సాహంగా సంగీతం వేశారు. కుర్చీ మారడం మాత్రం చూపించలేదు.